రుచి చూడని వంట

అశోక్‌నగర్‌లో ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే ఆడపిల్లల హాస్టల్ ఒకదానికి నేను వంట చేస్తాను. పైన వాళ్ళ గదులు, కింద నా వంటిల్లు. మొన్న కొత్తగా చేరిన పాలమూరు పిల్ల పళ్ళెం పట్టుకుని గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"అమ్మమ్మా, పొద్దుగాల్నుంచి సూస్తున్న. నువ్వు ఉప్పు సూడనే సూడవ్ గదా! ఎట్ల తెలుస్తది నీకు?"

"వాసనకి తెలుస్తుందే."

"ఉప్పుకు వాసనుంటదా? మస్తు చెప్తున్నవ్ పో!" అని నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను మాత్రం గరిటె చేత్తో పట్టుకుని చాలాసేపు నా చిన్నప్పటి చిక్కడపల్లి సందులోనే ఉండిపోయాను.

మా అమ్మ పోయిన ఏడాదికి మామయ్య నన్ను గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి తీసుకొచ్చాడు. నాకప్పుడు పద్నాలుగు. మామయ్య ఒక ఆఫీసులో గుమాస్తా. చిక్కడపల్లిలో ఒకే ఆవరణలో ఐదు వాటాలున్న ఇంట్లో ముందు వాటా మాది. మధ్యలో ఒకటే కుళాయి. తెల్లవారితే బిందెల చప్పుడు, బొగ్గుల కుంపట్ల పొగ, పక్క వాటాలోంచి ఇంగువ పోపు, సందు చివర పిండిమర నుంచి వేడి వేడి గోధుమపిండి వాసన. ఆదివారం అయితే ఇంటి ఓనరమ్మ వంటింట్లోంచి మసాలా ఘుమఘుమ వచ్చేది. అత్తయ్య కిటికీ వేసేసేది. నేను వెళ్ళి మళ్ళీ తీసేదాన్ని.

అత్తయ్య చెడ్డది కాదు. ఇద్దరు చిన్నపిల్లలతో, మామయ్య ఆఫీసు వేళలతో ఆవిడకి ఊపిరాడేది కాదు. నాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు, అంతే. నారాయణగూడ బడిలో వేశారు. అక్కడి పిల్లలు నా యాసని వెక్కిరించి ఏడిపించేవాళ్ళు. "వచ్చారాండీ? కూసున్నారాండీ?" అని ఒకతి మొదలుపెడితే బెంచీలన్నీ నవ్వేవి. దాంతో మాట్లాడటం మానేశాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా కదిలేవి. వెనక బెంచీలో గోడవైపు తిరిగి, మధ్యాహ్నం ఎవరి డబ్బాలో ఏముందో వాసనబట్టి కనిపెట్టడం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

మా ఆవరణలో చివరి గదిలో ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడని అందరూ 'తద్దినాలావిడ' అనేవాళ్ళు. తద్దినాలకీ, పదకొండో రోజు, పన్నెండో రోజు భోజనాలకీ వంట చేయడం ఆవిడ పని. పెళ్ళికీ, పేరంటానికీ ఎవరూ పిలవరు. మొగుడు చిన్నప్పుడే పోయాడట. తమ్ముడి వెంట కోస్తా నుంచి ఈ ఊరొచ్చారు, ఆ తమ్ముడూ పోయాడు. బయటికి వెళ్ళేముందు ఆవిడ తన రాగిచెంబుని గది గడపకేసి మూడుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే ఎవరి వాటాలో వాళ్ళు ఆగిపోయేవాళ్ళు. ఆఫీసుకి బయల్దేరిన మామయ్య కూడా చెప్పులు సగం తొడుక్కుని నిలబడేవాడు. ఆవిడ గేటు దాటాక మళ్ళీ లోకం కదిలేది. శుభమా అని బయల్దేరేవాళ్ళకి తాను ఎదురుపడకూడదని ఆ ఏర్పాటు ఆవిడే చేసుకున్నారు.

పరీక్ష ఫలితాల రోజు చెంబు మోగింది. నేను ఆగలేదు. గేటు దగ్గర ఎదురుపడ్డాం.

"చప్పుడు వినపళ్ళేదుటే? చెవుడా?" అని కసిరారు.

"వినపడిందండీ."

"మరి?"

"ఎలాగూ తప్పుతానండీ. మీరు ఎదురొస్తే ఇంక కొత్తగా పోయేదేముంది?"

ఆవిడ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర కనపడి, "తప్పావటగా! నా మూలానేనా?" అన్నారు.

"కాదండీ. లెక్కల మూలాన."

ఈసారి చెంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ ఊళ్ళో నా మాటకి నవ్విన మొదటి మనిషి ఆవిడ. నా మాటకి, నా యాసకి కాదు.

తప్పిన సంగతి మా నాన్నకి రాశారు. నాన్న అప్పటికే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. జవాబుగా కార్డు వచ్చింది. 'చదువు అబ్బనప్పుడు అక్కడెందుకు, దసరా వెళ్ళాక పంపించెయ్యండి, ఇక్కడ చంటిపిల్లలని ఎత్తుకోవడానికి మనిషి కావాలి' అని. మామయ్య దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఏదో ఒక పని చేతికొస్తే నేను ఉంచుకుంటాను. ఊరికే ఉంచుకుంటే మీ నాన్నకి ఏం చెప్పను? నారాయణగూడలో కుట్టుపని నేర్పుతున్నారట, వెళ్ళు" అన్నాడు.

వెళ్ళాను. మూడో రోజుకి ఒకే చంకకి రెండు చేతులూ కుట్టాను. నేర్పే ఆవిడ దాన్ని ఎత్తి పట్టుకుని అందరికీ చూపించింది. బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడి ఏడుస్తుంటే మామ్మగారు సంచీ మోసుకుంటూ వస్తున్నారు.

"ఇక్కడ నిలబడి ఏడిస్తే నిజంగానే మీ ఊరి రైలు ఎక్కిస్తారు. ఈ సంచీ అటువైపు పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. అంతే, మర్నాటి నుంచి కుట్టుపనికని చెప్పి ఇంట్లోంచి బయల్దేరడం, నారాయణగూడ మలుపులో మామ్మగారిని కలుసుకుని ఆవిడ వంటలకి తోడు వెళ్ళడం. అత్తయ్య అప్పుడప్పుడు అడిగేది, "నెల కావస్తోంది, ఒక్క జాకెట్టయినా కుట్టలేదేమే?" అని. "ఇంకా కాజాల దగ్గరే ఉన్నాం అత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ నమ్మేసేది, పాపం.

తద్దినం వంటకి చాలా నియమాలుంటాయి. తడిపి ఆరేసిన మడిబట్ట కట్టుకోవాలి. ఇంగ్లీషు కూరలు పనికిరావు. ఎండుమిరపకాయ బదులు మిరియం. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు కష్టం ఒకటుంది. వండేవాళ్ళు రుచి చూడకూడదు. పోయినవాళ్ళ పేరున భోక్తలుగా కూర్చున్న బ్రాహ్మలు తినే వరకూ ఆ వంట మీద ఎవరి నాలుకా తగలకూడదు. తగిలితే ఎంగిలి, ఆ వంట పారబోయాల్సిందే.

"నాలుక లేదనుకో. ముక్కూ, చెవీ ఉన్నాయి. చాలు" అనేవారు మామ్మగారు. "ఉప్పు పడని చారు వాసన పైపైన తేలుతుంది చూడు, నీళ్ళమీద ఆకులా. ఉప్పు పడగానే కిందకి దిగి నిండుతుంది. కూరకి చెవి పెట్టు. ఉప్పు పడితే నీరు ఊరి చిటపట తగ్గుతుంది."

మొదటి వారం నాకేమీ తెలియలేదు. రెండోవారం ఏదో తెలిసినట్టు నటించాను. ఆవిడ పట్టేసి చెవి మెలిపెట్టారు. మూడోవారంలో ఒకరోజు కందిపప్పు వేగుతుంటే, మాడడానికి ముందు వచ్చే ఆ సన్నటి తీపి వాసన ముక్కుకి తగిలి, "దించెయ్యండి!" అని అరిచాను. మామ్మగారు మూకుడు దించి నా వంక చూశారు. ఆ రోజంతా నన్ను పేరు పెట్టి పిలిచారు. అంతకు ముందు 'ఏమే' తప్ప మరో మాట లేదు.

బజారుకి వెళితే నా కళ్ళకి చెంగు కట్టి నడిపించేవారు. చిక్కడపల్లి కూరగాయల బజారులో పాలమూరు నుంచి వచ్చిన ఒకావిడ చేమదుంపలు అమ్మేది. నన్ను చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏందమ్మా, పిల్ల కండ్లకు గంతలు కట్టి తోలుకొస్తున్నవ్? ఏం దొంగతనం జేసింది?"

"ఏ దుంప కొత్తదో, ఏది పాతదో చెప్పమంటున్నా."

"కండ్లుండంగ ఈ పరేషాన్ ఎందుకు తల్లీ!" అంటూనే రెండు దుంపలు నా ముక్కు దగ్గర పెట్టింది. ఒకటి పాతదని చెప్పాను. "అవ్వ! నా యాపారం ఆగం జేస్తవేందే పిల్లా!" అని దాన్ని బుట్ట అడుక్కి తోసేసింది. ఆవిడ ఒక్కతే మామ్మగారిని చూసి ముఖం తిప్పుకునేది కాదు. పొద్దున్నే బోణీ చేయించుకునేది కూడా.

నారాయణగూడలో ఇరానీ హోటల్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు మామ్మగారి నడక నెమ్మదించేది. మడి మనిషి, లోపలికి వెళ్ళరు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చేవారు.

"ముక్కుకి మడేమిటే? ఆ బిస్కట్లలో ఏమున్నాయో చెప్పు."

"వెన్న. యాలకులు. పాలు."

"తీపి బిస్కట్టా, ఉప్పు బిస్కట్టా?"

"రెండూనండీ."

"ఊఁ! ఎవడో గాని తెలిసినవాడే చేస్తున్నాడు" అని ముందుకి కదిలేవారు.

దసరా దగ్గరపడింది. నా చేతికి పని వచ్చిందని మామయ్యతో ఎలా చెప్పాలో తెలియలేదు. వచ్చిన పని ఇదని తెలిస్తే అత్తయ్య ఆ పూటే రైలెక్కిస్తుంది. "పండగ దాటనీ, నేనే మాట్లాడతాను" అన్నారు మామ్మగారు. ఆలోగా గంజి వారుస్తుంటే ఆవిడ కుడిచెయ్యి కాలింది. మణికట్టు దాకా బొబ్బలు. రెండు రోజుల్లో అశోక్‌నగర్‌లో ఒక ఆఫీసరుగారి తల్లి తద్దినం. మానెయ్యడానికి లేదు.

"నేను పీట వేసుకుని కూచుంటాను. చెయ్యి నీది" అన్నారు.

ఆ రోజు పొద్దున్న అన్నీ సవ్యంగా జరిగాయి. అరటికాయ కూర, చేమదుంపల వేపుడు, పెసరపప్పు, నువ్వుల పచ్చడి, గారెలు, పరమాన్నం. చివరికి పెద్ద తపేలాలో మిరియాల చారు. మామ్మగారు గారెల పళ్ళెం సర్దించడానికి పక్క గదిలోకి వెళ్ళారు. అప్పుడే హాల్లోంచి దగ్గు వినపడింది. రెండు పొడి దగ్గులు, ఒక గొంతు సవరింపు. మా మామయ్యది!

ఆ ఇంటాయన మామయ్య పైఆఫీసరు. భోక్తల తరవాతి పంక్తికి మామయ్యని కూడా భోజనానికి పిలిచారు. ఆ సంగతి మాకేం తెలుసు?

చారు ముందు నిలబడ్డాను. ఉప్పు వేశానా? గుర్తు లేదు. వంగి వాసన చూశాను. ఏమీ లేదు. మిరియం లేదు, చింతపండు లేదు, కరివేపాకు కూడా లేదు. భయానికి ముక్కు మొత్తం మూసుకుపోయింది. వేస్తే రెండోసారవుతుందేమో, వెయ్యకపోతే చప్పిడేమో. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గరిటె అంచున ఒక్క చుక్క తీసి నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పు సరిగ్గా సరిపోయింది.

మామ్మగారు వచ్చేసరికి నా ముఖంలో ఏం కనపడిందో, "ఏమైంది?" అన్నారు. చెప్పకుండా ఉండిపోవచ్చు. చారు బ్రహ్మాండంగా ఉంది. కాని ఆవిడ ముందు అబద్ధం ఆడటం నాకు రాలేదు.

"రుచి చూశానండీ. చారు."

ఆవిడ హాలు వైపు తొంగి చూశారు. "ఎవరైనా చూశారా?"

"లేదండీ."

"ఉప్పు?"

"సరిపోయిందండీ."

"సరిపోవడం నాకు తెలుసు. వేసింది నువ్వేగా" అని, కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్క నిమిషం కూర్చున్నారు. తరవాత లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి ఇంటావిడని పిలిచారు. "చారు మళ్ళీ పెట్టాలమ్మా. అరగంట ఓపిక పట్టమనండి."

"ఇప్పుడా? పన్నెండు దాటిపోయింది! ఏమైందండీ?"

"ఎంగిలైంది."

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. "ఎవరు చేశారు?" అంది ఇంటావిడ.

"నేనే..." అని మామ్మగారు మొదలుపెట్టారు.

ఆ మాట పూర్తయితే ఆవిడని ఇంక ఈ ఊళ్ళో ఎవరూ వంటకి పిలవరు. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క పనే. అది నాకు తెలుసు. నేను నోరు విప్పితే, హాల్లో మామయ్య ఉన్నాడు, దసరా అయ్యాక రైలు ఉంది. అదీ తెలుసు. అయినా నా గొంతు నాకంటే ముందు బయటికొచ్చింది.

"ఆవిడ కాదండీ. నేను. ఉప్పు వేశానో లేదో గుర్తు రాక చూశాను."

బడిలో రెండేళ్ళుగా మాట్లాడనిదాన్ని, అంతమంది ముందు. మామయ్య కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఇంటావిడ ముఖం ఎర్రబడింది. అప్పుడు, భోక్తగా వచ్చిన ముసలి బ్రాహ్మడు, తెల్లవారుజాము నుంచి ఏమీ తినని మనిషి, కండువా సర్దుకుంటూ అన్నాడు.

"నా ఎరుకలో ఎంగిలైందని చెప్పినవాళ్ళు ఇవాళే కనపడ్డారు. చెప్పనివాళ్ళ ఇళ్ళల్లో ఎన్ని తిన్నానో ఆ దేవుడికే తెలుసు! పెట్టమనండి. కూచుంటాం."

"అయితే పెద్దావిడే పెడతారా?" అంది ఇంటావిడ.

"నా చెయ్యి కాలిందమ్మా. అదే పెడుతుంది."

"మళ్ళీ ఆ పిల్లేనా!"

"ఆ పిల్లే. ఇవాళ అంత జాగ్రత్తగా ఇంకెవరూ పెట్టలేరు."

తపేలా పెరట్లో ఒలకబోశాను. తోమాను. బావి దగ్గర నీళ్ళు పోసుకుని మళ్ళీ మడిబట్ట కట్టుకున్నాను. మామ్మగారు పీట గోడవైపు తిప్పుకుని నాకు వీపు పెట్టి కూర్చున్నారు. చింతపండు నీళ్ళు కాగుతుంటే కళ్ళు మూసుకున్నాను. దాచేది ఏమీ మిగల్లేదు కాబట్టి కాబోలు, భయం పోయింది. మెల్లిగా చింతపండు వచ్చింది. తరవాత మిరియం. తరవాత జీలకర్ర, కరివేపాకు. పిడికిట్లో ఉప్పు తీసి వేశాను. పైపైన తేలుతున్న వాసన కిందికి దిగి, తపేలా నిండా పరుచుకుంది. చాలు, అనుకుని దించేశాను.

భోక్తలు తినేటప్పుడు మాట్లాడరు. బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. అదీ నియమమే. చివర్లో తృప్తి అయిందా అని అడిగితే అయిందని ఎలాగూ అంటారు. అందుకని తలుపు సందులోంచి చేతులే చూస్తూ నిలబడ్డాను. కూరలయ్యాయి. చారు పోశారు. ముసలాయన కలుపుకున్నాడు, తిన్నాడు. ఆగాడు. మెల్లిగా అరచెయ్యి దొన్నెలా వంచి ముందుకి చాపాడు. చారు పోశారు. తాగి, మళ్ళీ చాపాడు.

"ఎన్నిసార్లు?" అని వెనక నుంచి మామ్మగారు గుసగుసగా అడిగారు.

"మూడోసారండీ."

"సరే. వెళ్ళి విస్తళ్ళు తుడువు, ఇంకా పంక్తి ఉంది" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య ముందు, నేను వెనక. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా అలాగే నడిచాం. మా సందు మొదట్లో ఆగాడు.

"కాజాలన్నావు."

"తప్పేనండీ."

"ఆ చారు నేనూ రెండుసార్లు పోయించుకున్నాను" అని చెప్పుల వంక చూసుకున్నాడు. "మీ అత్తయ్యకి నువ్వే చెప్పు. అక్కడ అంతమందిలో చెప్పినదానివి ఇక్కడ చెప్పలేవా?"

చెప్పాను. అత్తయ్య కూర తరిగే కత్తిపీట పక్కకి నెట్టి లేచింది. "పెళ్ళి కావలసిన పిల్లవి, ఆవిడ వెంట తద్దినాలకి తిరుగుతావా? రేపు నిన్ను పేరంటానికి ఎవరు పిలుస్తారే?"

"ఇప్పుడు మాత్రం ఎవరు పిలుస్తున్నారు అత్తయ్యా?"

ఎదురు చెప్పాలని అనలేదు. ఉన్నమాటే అన్నాను. అత్తయ్య చాలాసేపు నన్నే చూసింది. నేను వచ్చినప్పటి నుంచి ఆవిడ నన్ను అంత సేపు చూడటం అదే మొదటిసారి. మళ్ళీ కత్తిపీట ముందుకి లాక్కుని తరుగుతూ, "ఆదివారం ఆవిడని భోజనానికి పిలు. వంట నువ్వు చెయ్యి. ఏం నేర్చుకున్నావో నేనూ చూస్తాను" అంది.

మామ్మగారు నమ్మలేదు. ఆదివారం పొద్దుటే చేతి కట్టు విప్పేసుకుని, ఉతికిన బట్ట కట్టుకుని వచ్చి మా గుమ్మం బయటే నిలబడ్డారు.

"ఇవాళ ఎవరి తిథి?"

"ఎవరిదీ కాదు పిన్నిగారూ, ఆదివారం. లోపలికి రండి" అంది అత్తయ్య.

పీట మీద కూర్చోవడం ఆవిడకి చేతకాలేదు. గిన్నె ఖాళీ అయితే చాలు లేవబోయేవారు. "కూచోండి, వడ్డించేది నేను" అని అత్తయ్య రెండుసార్లు కసరాల్సి వచ్చింది. ఆ రోజు నేను వంకాయ వేయించి ఎండుమిరపకారం వేశాను. తద్దినం వంటకి పనికిరానివన్నీ ఏరి ఏరి చేశాను. ఆవిడ ముక్కు కారుతుంటే చెంగుతో తుడుచుకుంటూ మూడోసారి అన్నం కలుపుకున్నారు. మా చిన్న మరదలు ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎవరూ దాన్ని పక్కకి లాగలేదు.

భోజనాలయ్యాక మామయ్య వరండాలో కార్డు తీసుకుని నాన్నకి జవాబు రాయడానికి కూర్చున్నాడు. రాసినది పైకి చదివాడు. "అమ్మాయి ఇక్కడే ఉంటుంది. వంట నేర్చుకుంటున్నది."

మామ్మగారు గడప దగ్గర చెయ్యి కడుక్కుంటున్నారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు. "నేర్చుకుంటున్నదేమిటి నాయనా? చేస్తున్నదని రాయి."

మామయ్య ఆ మాట కొట్టేసి, పైన 'చేస్తున్నది' అని రాశాడు. చూసుకుని, బాగా లేదు, ఇంకో కార్డు మీద శుభ్రంగా రాస్తానన్నాడు. నేను వద్దన్నాను. తరవాత ఎన్ని వందల వంటలు చేశానో, ఎన్ని ఇళ్ళ పంక్తులు చూశానో లెక్క లేదు. పెళ్ళిళ్ళకీ పిలిచారు, పేరంటాలకీ పిలిచారు. కాని ఆ మధ్యాహ్నం అలా వద్దనడానికి నాకెక్కడి నుంచి ధైర్యం వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా నాన్నకి కొట్టేసిన మాటా కనపడాలి, దాని మీద రాసిన మాటా కనపడాలి అనిపించింది. ఆ కార్డే తీసుకెళ్ళి నా చేత్తో పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.